ఇంకా పది రోజులు

"దయచేసి అందరూ మైకులు మ్యూట్‌లో పెట్టుకోండి."

ఆ స్కూల్లో నేను నోరు తెరిచి అన్న మొదటి మాట అదే. లైబ్రరీ గదిలో పద్నాలుగు మంది టీచర్లు పద్నాలుగు లాప్‌టాపుల ముందు కూర్చున్నారు. అన్ని మైకులూ ఒకేసారి తెరుచుకుని గది కీచుమంటోంది. పదమూడు మంది బుద్ధిగా బటన్ నొక్కారు. పద్నాలుగో ఆవిడ మాత్రం చేతిలో సుద్దముక్క తిప్పుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నానండీ. నా క్లాసులో ఎవరి నోరూ మూయించలేదు. నా నోరు మూయించినవాళ్లూ ఇంకా పుట్టలేదు."

గది ఘొల్లుమంది. నేను కూడా నవ్వాను, చెవులు కాలుతున్నా సరే. సాయంత్రానికల్లా స్టాఫ్ రూంలో నాకు 'మ్యూట్ మాస్టారు' అనే పేరు ఖాయమైపోయింది.

నా ఉద్యోగమే అలాంటిది. టీచర్లకి ఆన్‌లైన్లో పాఠం చెప్పడం నేర్పాలి. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. వానలకి ఆ స్కూలు పై అంతస్తు కప్పు కారిపోయింది. మరమ్మతులయ్యేదాకా, అంటే మూడు నెలలు, పదో క్లాసు పిల్లలు ఇళ్లలోంచే పాఠాలు వినాలి. రెండు వారాల్లో టీచర్లని తయారు చేయమని నన్ను పంపారు.

నన్ను ఎగాదిగా చూసినావిడ లెక్కల టీచర్. ఆమె పాఠం చెబుతుంటే వరండాలో నిలబడి విన్నాను. పిల్లల్ని నవ్విస్తూ, గదమాయిస్తూ గదంతా తనే అయిపోతుంది. అంతటి పులీ కెమెరా ముందుకి రాగానే పిల్లి అయిపోయింది. గొంతు సన్నబడింది, చూపు బల్ల మీదికి దిగిపోయింది, మూడు నిమిషాల్లో పాఠం ఆగిపోయింది.

"ఏమైందండీ?" అన్నాను, మిగతావాళ్లు వెళ్లాక.

"నాకు ముఖాలు కావాలండీ. ముఖం చూస్తే ఎవడికి లెక్క ఎక్కడ తెగిందో ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడేమో పిల్లలంతా కెమెరాలు ఆపేసి ముప్పై ఎనిమిది నల్ల డబ్బాలు. డబ్బాలకి త్రికోణమితి చెప్పమంటారా?"

వెటకారంగానే అంది కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కారణం నాకు తెలుసు. రెండు వారాల్లో నేర్చుకోలేనివాళ్ల క్లాసులకి ఎవరో రికార్డు చేసిన పాఠాలు వేసేస్తామని హెడ్‌మిస్ట్రెస్ గారు ముందే చెప్పారు.

"ఎనిమిదో క్లాసు నుంచీ నా పిల్లలండీ వాళ్లు. లెక్కలంటే పారిపోయేవాళ్లని చెవి పట్టుకుని ఇంతదాకా లాక్కొచ్చాను. ఇప్పుడు పరీక్షల ముందు వదిలేయాలా?"

"వదలొద్దు. కెమెరా వెనక ఒకడున్నాడనుకోండి. క్లాసంతటికీ పెద్ద మొద్దు. వాడికి చెప్పండి చాలు."

"ఎవడా మొద్దు?"

"ప్రస్తుతానికి నేనే."

"అయితే నటించక్కర్లేదన్నమాట," అంది కళ్లు తుడుచుకుంటూ.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆమె లైబ్రరీలో, నేను పక్క గదిలో. నా లాప్‌టాపులో 'మొద్దు' అనే పేరుతో ఆమె క్లాసులో చేరి, ఒళ్లు మండే డౌట్లు అడిగేవాణ్ణి.

"టీచర్, నిచ్చెన గోడకి ఆనించడం దేనికి? మెట్లెక్కి వెళ్లొచ్చుగా?"

"మెట్లు నీ బుర్రలాగే ఉన్నాయిరా. కట్టడం మొదలెట్టలేదు."

అలా తిడుతూ తిడుతూనే ఆమె గొంతు తెరుచుకుంది. మధ్యలో నేను ఒక్క సంగతే గట్టిగా పట్టుకున్నాను.

"'అర్థమైందా' అని అడక్కండి. లేదని ఎవడూ అనడు. చిన్న లెక్క ఇచ్చి, జవాబు నోట్‌బుక్‌లో పెద్దగా రాసి కెమెరాకి చూపించమనండి. ముఖాలు దొరక్కపోయినా జవాబులు దొరుకుతాయి."

ఆమె సుద్దముక్క తిప్పడం ఆపింది. "మ్యూట్ మాస్టారూ, మీకు అప్పుడప్పుడు తెలివి కూడా వస్తుందే!"

ఆ ఒక్క మాటకి వారమంతా గాల్లో నడిచాను. బయట వాన, కిటికీ పక్కన ఆమె, చేతిలో ఎందుకూ పనికిరాని సుద్దముక్క. డిజిటల్ పెన్నుతో రాస్తున్నా రెండో చేతిలో సుద్ద లేకపోతే ఆమెకి లెక్క తోచదు. నేను ప్రేమలో పడ్డానని నాకు తెలిసింది ఆ సుద్దముక్క వల్లే. ఒకరోజు అది కింద పడితే తీసి, ఇవ్వకుండా జేబులో వేసుకున్నాను.

పన్నెండో రోజు రిపోర్టులు రాయాలి. ఆమె పూర్తిగా తయారైపోయింది. రిపోర్టులో చివరి గడి ఇది: 'ఇంకా ఎన్ని రోజుల శిక్షణ అవసరం?' మిగతా అందరికీ సున్నా పెట్టాను. ఆమె దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. సున్నా పెడితే నేను ఎల్లుండి వేరే ఊరికి పోవాలి. 'పది' అని రాసేశాను. ఆ పది ఎక్కడ తగులుతుందో ఆ క్షణంలో ఆలోచించలేదు, నిజంగా.

మర్నాడు పొద్దున్నే ఆమె లైబ్రరీ తలుపు తోసుకుని వచ్చింది.

"పదో క్లాసు నా దగ్గర్నుంచి తీసేస్తున్నారు. నాకింకా పది రోజులు కావాలని మీరే రాశారట. నిన్నటిదాకా బాగుంది, బాగుంది అన్నదంతా నా మొహం మీద చెప్పలేకనా?"

"అది కాదండీ..."

"వద్దు. నేను నిజంగా మిమ్మల్ని నమ్మాను," అని వెళ్లిపోయింది. అరిచినా బాగుండేది. మెల్లగా అంది.

నేను పరుగున హెడ్‌మిస్ట్రెస్ గారి గదికి వెళ్లి నిలబడ్డాను.

"మేడం, ఆ రిపోర్టులో పది రోజులు కావాల్సింది ఆవిడకి కాదు. నాకు."

ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి దించి నన్ను చూశారు. "అంటే నా స్కూలు కాగితాల మీద ప్రేమలేఖలు రాస్తున్నావా బాబూ?"

"తప్పయిపోయింది మేడం. ఆ అమ్మాయి క్లాసు తీసేయకండి."

"నీ మాట నేనెలా నమ్మేది? రేపు పొద్దున తన ఇంట్లోంచే క్లాసు చెప్పమను. ముప్పై ఎనిమిది మందిలో ముప్పై మంది లెక్క సరిగ్గా చేస్తే క్లాసు తనదే. నువ్వు నా పక్కన కూర్చుని చూడు. ఇక ఈ ప్రేమలేఖ సంగతి నువ్వే చెప్పుకో. క్లాసు అయ్యాకే."

మర్నాడు తెరమీద ఆమె కనబడింది. ముఖంలో నవ్వు లేదు కానీ గొంతులో వణుకూ లేదు. నేరుగా కెమెరాలోకి చూస్తూ నిచ్చెన లెక్క మొదలెట్టింది. పది నిమిషాలు సాఫీగా సాగింది. అంతలో డిజిటల్ పెన్ను మొరాయించింది. గీత పడదు. రెండుసార్లు ప్రయత్నించింది.

ఆమె లాప్‌టాప్ ఎత్తి వెనక్కి తిప్పింది. ఆకుపచ్చ రంగు వేసిన చెక్క తలుపు కనబడింది. చేతిలో సుద్ద ఉండనే ఉంది! తలుపు మీద గోడ గీసింది, నిచ్చెన గీసింది, కోణం పెట్టింది. ఆ కంగారులో లాప్‌టాప్ మీంచి ఏదో కాగితం జారితే, వంగి పట్టుకుంది. అందరికీ కనబడింది. కళ్లజోడు పెట్టుకున్న ఒక ముఖం బొమ్మ. కెమెరా చూడ్డానికి నుదుటి దగ్గర చిల్లు. తల మీద ఎర్ర ఇంకుతో కొత్తగా గీసిన రెండు కొమ్ములు.

"టీచర్, ఎవరది?" అని పిల్లలు ఒకటే గోల.

ఆమె ఒక్క క్షణం తడబడింది. "మన క్లాసులో పెద్ద మొద్దు. రోజూ వీడికే చెబుతాను. వీడికి అర్థమైతే అందరికీ అర్థమైనట్టే. సరే, పది మీటర్ల నిచ్చెన, నేలతో ముప్పై డిగ్రీలు. గోడ మీద ఎంత ఎత్తుకి చేరుతుంది? రాసి చూపించండి."

హెడ్‌మిస్ట్రెస్ గారు తెర వైపు చూసి, నా కళ్లజోడు వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను.

నల్ల డబ్బాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నోట్‌బుక్కులు, వాటి మీద పెద్ద పెద్ద అయిదులు. హెడ్‌మిస్ట్రెస్ గారు వేలు పెట్టి లెక్కపెట్టారు. ముప్పై నాలుగు. తర్వాత రిపోర్టు నా ముందుకి జరిపారు. పది కొట్టేసి సున్నా రాశాను. సంతోషంగానే రాశాను. అయితే ఇక ఆ స్కూల్లో నాకు పని లేదు.

గేటు దగ్గర షెడ్డు కింద వాన తగ్గడానికి నిలబడి ఉండగా ఫోన్‌కి మీటింగ్ లింకు వచ్చింది, కింద 'ఇంతకీ ఆ పది ఎందుకు రాశారు?' అని. నొక్కాను. తెరమీద ఆమె, పక్కనే వాళ్ల అమ్మమ్మ.

ఇంతకంటే మంచి సమయం రాదని ఊపిరి బిగపట్టి మొదలెట్టాను. పది ఎందుకు రాశానో, రాసి ఎంత సిగ్గుపడ్డానో, జేబులో సుద్దముక్క ఎందుకుందో, ఆమె లేని మధ్యాహ్నాలు నాకు వద్దని, అన్నీ ఏకబిగిన చెప్పేశాను. సుద్ద తీసి చూపించాను కూడా.

అమ్మమ్మ ముందుకి వంగి చూసింది. "ఏమిటే, ఈ అబ్బాయికి మాటలు రావా?"

ఆమె ముఖంలో నిన్నటినుంచి లేని నవ్వు తిరిగొచ్చింది. "మ్యూట్ మాస్టారూ, ముందు మ్యూట్ తీయండి."

తీశాను. మొత్తం మళ్లీ చెప్పాను, ఈసారి అమ్మమ్మ వింటుండగా. సగం మాటలు నత్తిగా వచ్చాయి.

"కొమ్ములు గీసింది ఇతనికేనా?" అంది అమ్మమ్మ. "మనిషి మంచివాడిలాగే ఉన్నాడే. నాకు నచ్చాడు."

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. ఉండబట్టలేక అడిగాను, "అర్థమైందా?"

"అలా అడక్కూడదని మీరేగా చెప్పారు!"

నోట్‌బుక్ తీసి ఏదో రాసి, అమ్మమ్మకి కనబడకుండా చెయ్యి అడ్డుపెట్టి, కెమెరాకి దగ్గరగా పట్టుకుంది. వాన జల్లుకి ఫోన్ తడిసిపోతోంది. చొక్కాతో తుడిచి చదివాను.

'పది రోజులు చాలవు.'