తడి గుడ్డలో తెల్ల పొర

“చోరీ అయిన మీ పొర సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పండి, డాక్టర్‌గారూ,” అన్నాడు ఏజెంట్ హల్వర్ నెస్, వ్యాన్‌లో కూర్చుని ఎప్రన్ ముడి వేసుకుంటూ.

ఉప్పునీటిని మంచినీటిగా మార్చే పొరలతో డాగ్నీ మోయెన్ తన జీవితమంతా కుస్తీ పట్టింది.

“ఉత్త పాలిమర్ పొర పిసినారి, అబ్బాయ్. నీళ్ళు ధారాళంగా వదలమంటే ఉప్పునూ వదిలేస్తుంది. ఉప్పును ఆపమంటే నీళ్ళనూ ఆపేస్తుంది. అందుకని దాంట్లో టైటానియం ఆక్సైడ్ నానో రేణువులు కలిపాను. నీళ్ళకు దారి పెరిగింది, ఉప్పుకు పెరగలేదు. రేణువులు ఉండలు కట్టకుండా వాటికి వేసిన పూతే అసలు రహస్యం. పొర చేతికి చిక్కితే ఆ పూతను విడదీసి చూసుకోవచ్చు.”

“ఆరిపోతే?”

“రంధ్రాలు మూసుకుపోతాయి, ఇక దేనికీ పనికిరాదు. దొంగ దాన్ని తడిగానే ఉంచుతాడు.”

చెవిలోని స్పీకర్ నుంచి చీఫ్ గొంతు వినిపించింది. “ఈ చర్చి చేప విందులోనే పొర చేతులు మారుతుంది. బయట ఓ విదేశీ కాన్సులేట్ కారు సిద్ధంగా ఉంది. అందులోకి వెళ్ళిందా, దౌత్య రక్షణ వల్ల మనం తలుపు కూడా ముట్టుకోలేం. లోపల మన ఏజెంట్ కామిల్ వోస్ ఉంది, సాయం చేస్తుంది. ఇంకో మాట. ప్రయోగశాల తాళంచెవి ఉన్నది డాక్టర్‌గారి దగ్గర మాత్రమే. పొర దొరక్కపోతే ఆమెనే అరెస్ట్ చెయ్యాలి.”

హల్వర్ చూపు తిప్పుకున్నాడు.

“దొరక్కపోతే నన్నే అరెస్ట్ చేస్తారని నాకూ చెప్పార్లే,” అంది డాగ్నీ. “పద, నేనూ వస్తాను. జైల్లో ఈ చేప పెట్టరుగా!”

మినియాపొలిస్ శివారు చర్చిలో ఏటా జరిగే చేప విందు అది. క్షారపు నీట నానిన చేప వాసనకు అద్దాలు సైతం చెమర్చాయి. వడ్డించేవాడి వేషంలో హల్వర్ బల్లల మధ్య తిరుగుతూ, టైటానియాన్ని పసిగట్టే పెన్నును గుట్టుగా ఆడిస్తున్నాడు. పెన్ను కేకుపై తెల్లని క్రీము దగ్గర కూసింది. గోడ దగ్గర కూసింది. కాగితపు పళ్ళెం దగ్గరా కూసింది.

“తెల్లటి రంగు ఎక్కడుంటే అక్కడ టైటానియమే,” అని పక్కనుంచి గొణిగింది డాగ్నీ. “మీవాళ్ళు నన్నడిగి కొనాల్సింది,” అంటూ కాఫీ కోసం అవతలికి వెళ్ళింది.

ఆకుపచ్చ కోటు, ముత్యాల దండ, ఎవరైనా వెనుదిరిగి చూసే అందం. కామిల్ అతని చెవి దగ్గరకు వంగింది.

“ఎప్రన్ నీకు భలే నప్పింది, హల్వర్. వంటింట్లో ఊరగాయ జాడీలు చూడు. మనం వెతికేవాడు అక్కడే ఉన్నాడు.”

హల్వర్ వంటింటికి నడిచాడు. జాడీల్లో ఊరగాయలే ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి కామిల్ కుర్చీ ఖాళీగా ఉంది. పళ్ళెంలో చేప పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ ఊళ్ళో ఎవరూ అలా చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళరు. ‘సరే మరి, వస్తాం’ అన్నాక కూడా గుమ్మంలో అరగంట కబుర్లుంటాయి. ఆమె కూర్చున్న చోటు నుంచి గుమ్మం దాకా నేలమీద నీటి చుక్కలు వరుసగా పడి ఉన్నాయి.

గుమ్మం దగ్గర చర్చి పెద్దావిడలు కామిల్‌ను చుట్టుముట్టారు.

“అప్పుడే వెళ్ళిపోతావా తల్లీ? కేకు రుచైనా చూడలేదు!”

“అమ్మమ్మకు ఒంట్లో బాలేదండీ. రొట్టెలు పట్టుకెళుతున్నా,” అంటూ కామిల్ గుడ్డ మూటను గుండెకు హత్తుకుంది. ఆకుపచ్చ కోటు ముందుభాగం తడిసి నల్లబడింది.

హల్వర్ చూపు ఆ మూట మీదే ఆగింది. అవి లెఫ్సేలు, పలుచని బంగాళాదుంప రొట్టెలు. వాటిని పొడి గుడ్డల మధ్య దొంతరగా పెట్టడం అతడు బాల్యంలోనే వంటింట్లో నేర్చుకున్నాడు. గుడ్డ రొట్టెల ఆవిరిని పీల్చుకోవాలే గాని తానే రొట్టెలను తడపకూడదు. తడిస్తే ముద్దయిపోతాయి. అంతగా తడిపారంటే ఆ తడి రొట్టెల కోసం కాదు.

“ఆవిణ్ణి ఆపండి!” అని అరిచాడు.

కామిల్ పెద్దావిడలను తోసుకుని మంచులోకి దూకింది. కారు తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి తొడుగు వేసుకున్న ఒక చెయ్యి బయటికి వచ్చింది. మూట ఆ వేళ్ళను తాకే క్షణంలో హల్వర్ మంచుమీద జారుతూ వచ్చి ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు. మూట విడిపోయి రొట్టెలు నేలపాలయ్యాయి. చాచిన చెయ్యి ఖాళీగా లోపలికి మళ్ళింది. తలుపు మూసుకుంది, కారు కదిలిపోయింది.

“రొట్టెల కోసం ఇంత గొడవా? పిచ్చిగానీ పట్టిందా నీకు?” అంది కామిల్.

హల్వర్ పెన్నును మూడు రొట్టెల మీద ఆడించాడు. కూయలేదు. ఒకదానికొకటి అంటుకున్న రెండింటి మీద కూసింది. వెనకే పరుగున వచ్చిన డాగ్నీ మోకాళ్ళమీద కూలబడి, ఆ రెండు రొట్టెల నడుమనుంచి తెల్లని పొరను వేళ్ళ కొసలతో అంచు పట్టుకుని పైకెత్తింది. వీధిదీపం వెలుగులో ఒక వైపు నిగనిగలాడింది.

“నాదే. తడి ఆరలేదు,” అంది ఆమె. తరువాత తలెత్తి కామిల్‌ను చూసింది. “భద్రత తనిఖీ అని చెప్పి నా తాళంచెవి ఒక పూట అడిగి తీసుకున్నావు కదమ్మా. మీ ఆఫీసు పేరు చెబితే నమ్మి ఇచ్చాను, నిన్ను అనుమానించనే లేదు.”

హల్వర్ కామిల్ చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశాడు.

“హల్వర్, పొర దొరికిందా?” అని చెవిలో చీఫ్ అడిగింది.

“దొరికింది. డాక్టర్‌గారిని ఇంటికి పంపించండి. కామిల్‌కు బేడీలు వేశాను. చోరీ, కుట్ర, దేశద్రోహం అన్నీ రాసుకోండి.” అతడు వంగి, నానిన రొట్టె ఒకటి ఎత్తాడు. అది వేళ్ళ మధ్యనుంచి ముద్దగా జారిపోయింది. “చీఫ్, రొట్టెలను ఈ గతి పట్టించినందుకు కూడా ఏదైనా సెక్షన్ ఉందేమో వెతకండి. ఈ ఊరి జ్యూరీ ముందుగా దానికే శిక్ష వేస్తుంది.”