మావయ్య గొంతు పెగలాలి

గాలివాన తగ్గేదాకా కదలొద్దని రేడియోలో చెప్పారు. రేవులో లంగరు వేసిన కొబ్బరి మోసే లాంచీకి ఆ రోజు సెలవే. అయినా అందులో పనిచేసే విలికేసా ఒడ్డుకు రాలేదు.

"ఈసారి వచ్చినప్పుడు మన పెళ్ళికి మీ నాన్నను అడిగిస్తా," అని నాలుగు నెలల క్రితం మాటిచ్చినవాడు!

కిటికీ దగ్గర లితియానా కర్రపెండలం చెక్కు తీస్తోంది. తొక్కతోపాటు సగం దుంప పోతోంది. ఇక ఉండబట్టలేక, వానలోనే దోనె తోసుకుని లాంచీ దగ్గరికి వెళ్ళింది.

"దిగొస్తావా, నన్నే ఎక్కమంటావా?"

విలికేసా గరిటెతో పరుగెత్తుకొచ్చాడు. "నువ్వెందుకొచ్చావ్? వెళ్ళిపో!"

"ఓహో! సువా పట్నంలో ఎవరైనా దొరికిందా?"

"నీ అంత నోరున్నది ఎక్కడ దొరుకుతుంది!"

ఆమె ఎక్కేసింది. లోపల విలికేసా మేనమామ, లాంచీ నడిపే సరంగు తనియేలా, మెడకు తువ్వాలు చుట్టుకుని నిమ్మాకుల టీ ఊదుకుంటున్నాడు. పక్కన చాప మీద, నూనె రాసిన తిమింగలం దంతం నిగనిగలాడుతోంది.

లితియానా కోపం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ దీవుల్లో పిల్లనడిగే దంతం అది; పిల్ల తండ్రి అందుకుంటే ఒప్పుకున్నట్టే. అడగాల్సింది పెళ్ళికొడుకు కాదు, పెద్దవాళ్ళు.

"రాత్రి గాలిలో మా మీద అరిచి అరిచి మావయ్య గొంతు పోయింది," అన్నాడు విలికేసా దిగులుగా. "పొద్దుటినుంచి టీ తాగిస్తూనే ఉన్నా. నేనొక్కణ్ణే వస్తే మీ నాన్న ఏమనుకుంటాడు?"

తనియేలా పిల్లికూనలా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"ఇంత గొంతున్న పిల్ల ఉండగా నేనెందుకు, వాళ్ళ నాన్నను తననే అడుక్కోమను అంటున్నాడు."

ఆమెకు నవ్వాగలేదు. వెంటనే గుర్తొచ్చింది, వాన వెలిస్తే తెల్లారేసరికి లాంచీ వెళ్ళిపోతుంది. మళ్ళీ నాలుగు నెలలు.

"గొంతు రాకపోయినా సాయంత్రం రండి మావయ్యా," అంది మెల్లగా.

ఇద్దరూ ఆమె ఇంటికి వచ్చారు. రేకుల మీద వాన దంచుతోంది. తనియేలా దంతాన్ని రెండు చేతులా పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాడు. పెదవులు కదిలాయంతే. వంటింటి గడపలో లితియానా ఊపిరి బిగబట్టింది. మాట తీరులో ఒక్క పొల్లు పోయినా ఒప్పుకోడని ఆమె తండ్రి ఎసాలాకు పేరు.

పెదవులు ఆగేదాకా ఎసాలా కదలకుండా కూర్చున్నాడు.

"ఈ వానలో ఒక్క ముక్కా వినపడలేదు," అన్నాడు.

విలికేసా తల వేలాడేశాడు.

"అయితేనేం, ఒక్క తప్పూ దొరకలేదు." ఎసాలా చేతులు చాచి దంతం అందుకున్నాడు. దొప్పల్లా వంచిన అరచేతుల ఒప్పుకోలు చప్పట్లు ఇల్లంతా మోగాయి. లితియానా అప్పుడు ఊపిరి వదిలింది.

"అమ్మాయ్, బావగారికి టీ పొయ్యి!"

తనియేలా రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.