లోర్నా ఓటు వెయ్యలేదు

"ఒక్క నిమిషమండీ. మీరు ఇందాకట్నించీ చెప్పినదాంట్లో నాకు 'గుడ్ మార్నింగ్' ఒక్కటే అర్థమైంది."

నీల్స్ హాల్వర్సన్ చార్టు చూపిస్తున్న మార్కర్ దించి తలెత్తాడు.

మూడు నెలలకోసారి అతను మిల్వాకీ నుంచి కారేసుకుని మానిటవాక్ వస్తాడు. అక్కడ మంచు ఎత్తే పారలు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటుంది. అందులో పనిచేసేవాళ్ల రిటైర్మెంట్ డబ్బు చూసుకునేది అతని కంపెనీయే. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చే ఫ్యాక్టరీ కమిటీకి మార్కెట్ వార్తలు వినిపించి, సలహా ఇచ్చి వెళ్తాడు. ఇన్నాళ్లలో అతన్ని మధ్యలో ఆపినవాళ్లు లేరు. యజమాని ఆర్నీ అయితే మొదటి చార్టు దగ్గరే హాయిగా కునుకు తీసేవాడు.

ఇప్పుడు ఆపిన అమ్మాయి లోర్నా విట్కౌస్కీ. కొత్తగా హెచ్ఆర్ మేనేజరై కమిటీలోకి వచ్చింది. జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, అతనిచ్చిన కాగితాన్ని దోషిని చూసినట్టు చూస్తోంది.

"ఏది అర్థం కాలేదండీ?" అన్నాడు నీల్స్.

"'ద్రవ్యోల్బణ అంచనాల నేపథ్యంలో బాండ్ల రాబడులపై ఒత్తిడి.' ఒత్తిడి ఎవరికి? బాండ్లకా, నాకా?"

కమిటీలో మూడో మనిషి, ప్యాకింగ్ సూపర్‌వైజర్ డోరీన్, పకపకా నవ్వింది. ఆ నవ్వుకి ఆర్నీ ఉలిక్కిపడి లేచి, "అయిపోయిందా?" అన్నాడు.

"ఇది కమిటీ కోసం రాసిందండీ. కార్మికుల కోసం కాదు," అన్నాడు నీల్స్.

"నేనూ కమిటీనే కదా! మా నాన్న ఇక్కడే రేకులు నొక్కే ప్రెస్ మెషిన్ మీద పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికెళ్లగానే 'నా డబ్బు ఎలా ఉందే?' అంటాడు. ఒత్తిడిలో ఉంది నాన్నా అని చెప్పనా?"

నీల్స్ చెవులు ఎర్రబడ్డాయి. తిరిగి వెళ్తూ దారంతా ఆమెని తిట్టుకున్నాడు. దారిలో షెబాయ్‌గన్ ఊరు దాటేసరికి తిట్లు అయిపోయాయి. మిల్వాకీ చేరేసరికి జుట్టు ముడిలో పెన్సిల్ ఒక్కటే మిగిలింది.

మర్నాడు ఫోన్ చేశాడు.

"నెలనెలా మీకు పంపే వార్తల కాగితం ఈసారి మామూలు మాటల్లో రాశాను. వింటారా? 'వడ్డీ రేట్లు తగ్గొచ్చని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు అంటున్నారు. తగ్గితే చేతిలో ఉన్న బాండ్ల విలువ కాస్త పెరుగుతుంది.'"

"ఇది బాగుంది. ఇంతకీ వాళ్లు పోయినసారి చెప్పింది జరిగిందా?"

"...లేదు."

"ఆ ముక్క కూడా రాయండి మరి."

అలా మొదలైంది. ప్రతి నెలా అతను చదవడం, ఆమె కోతలు పెట్టడం. పోనుపోనూ వార్తలు చిన్నవయ్యాయి, ఫోన్లు పెద్దవయ్యాయి.

"ఈ శుక్రవారం చేపల వేపుడు తిందామా? నేనిప్పిస్తాను," అన్నాడు ఒకసారి, ధైర్యం కూడగట్టుకుని.

"కుదరదు. మీ కంపెనీని ఉంచాలో తీసెయ్యాలో తేల్చే కమిటీ మాది. మీ చేపలు తిని రేపు మీ తప్పులెలా పట్టుకుంటాను?"

"పోనీ, కాఫీ?"

"ఎవరి కాఫీ వాళ్లు కొనుక్కుంటే తప్పులేదు."

ఎవరిది వాళ్లే కొనుక్కుని సరస్సు ఒడ్డున కూర్చున్నారు. ఆమె నీళ్లవంక చూస్తుంటే అతను ఆమెవంక చూసేవాడు. ఆమె ఇటు తిరిగితే చటుక్కున తెల్లపిట్టల వైపు తిరిగేవాడు.

"ఆ పిట్టలంటే అంతిష్టమా మీకు?"

"ప్రాణం," అన్నాడు నీల్స్ గంభీరంగా. ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

ఏప్రిల్‌లో మార్కెట్ కుప్పకూలింది. టీవీలో ఎక్కడ చూసినా ఎర్ర బాణాలే. ఫ్యాక్టరీలో పని ఆగలేదు గానీ అందరి మొహాలూ వాడిపోయాయి. లోర్నా ఫోన్ చేస్తే నీల్స్ వానలోనే బయల్దేరాడు. తడిసిన కోటుతోనే క్యాంటీన్‌లో బల్లల మధ్య నిలబడ్డాడు.

"రేపేమవుతుందో నాకు తెలీదు. తెలుసన్నవాణ్ని నమ్మకండి. రిటైర్మెంట్‌కి ఇంకా చాలా ఏళ్లున్నవాళ్లు కంగారుపడి షేర్లు అమ్ముకోకండి. దగ్గరపడ్డవాళ్ల డబ్బు చాలావరకు షేర్లలో లేదు, దానికి తగిలింది చిన్న దెబ్బే."

ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. అప్పుడు వెనక వరసలోంచి లోర్నా తండ్రి స్టాన్ లేచాడు.

"నాదో డౌటు బాబూ. మా డబ్బు చూసినందుకు మీవాళ్లు ఫీజు తీసుకుంటారు కదా. బయట వేరేవాళ్లు తీసుకునేదానికంటే అది ఎక్కువా, తక్కువా?"

నీల్స్ లోర్నా వైపు చూశాడు. దాటవెయ్యడానికి అతని దగ్గర మాటలు బోలెడున్నాయి. ఉద్యోగంలో చేరగానే నేర్పేది అవే.

"ఎక్కువేనండీ," అన్నాడు. "ఎంత ఎక్కువో మీ అమ్మాయిగారిని కనుక్కోమనండి. నా మాట ఒక్కటే నమ్మకండి."

లోర్నా జుట్టులోంచి పెన్సిల్ తీసి ఆ మాట రాసుకుంది. ఆ పని తను ఎప్పుడో చెయ్యాల్సింది. అతనితో మాట్లాడే ధ్యాసలో పడి ఆ ప్రశ్నే తనకి తట్టలేదు. వారంలోగా వేరే కంపెనీల ధరలు తెప్పించింది. ఇదే పని ఇంచుమించు సగం ఫీజుకే చేసేవాళ్లున్నారు. ఆ మిగతా సగం ఏటా నాన్న జేబులోంచి, డోరీన్ జేబులోంచి పోతోంది.

"మా బాస్‌ని ఫీజు తగ్గించమని అడిగాను," అన్నాడు నీల్స్ ఫోన్లో. "నోరు మూసుకోమన్నాడు. ఈ ఫ్యాక్టరీ చేజారితే నా ప్రమోషన్ కూడా చేజారినట్టేనట."

"అయితే నన్నేం చెయ్యమంటావ్?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. ఇద్దరూ గమనించారు. ఇద్దరూ ఊరుకున్నారు.

"నీ చోట నేనుంటే మమ్మల్ని తీసేస్తాను," అన్నాడతను మెల్లగా.

ఆ మాటతో ఆమెకి మరీ కష్టమైంది. ఉంచమంటే నమ్ముకున్నవాళ్లకి ద్రోహం. తీసెయ్యమంటే అతని పొట్ట కొట్టడం. ఎటు చెయ్యెత్తినా ఎత్తించింది బుద్ధో మనసో తనకే తెలియడంలేదు.

జూన్‌లో కమిటీ కూర్చుంది. చార్టులు చూపించడానికి నీల్స్ కూడా వచ్చాడు. లోర్నా ధరలన్నీ ఒక్కటి దాచకుండా చదివింది. ఆ రోజు ఆర్నీ నిద్రపోలేదు.

"సరే. ఓటేద్దాం," అన్నాడు.

"నేను వెయ్యను," అంది లోర్నా.

"అదేంటి?"

"ఇందులో నాకు సొంత ప్రయోజనం ఉంది. అలాంటప్పుడు వెయ్యకూడదు."

"వాళ్ల షేర్లేమైనా కొన్నావా?"

"లేదు."

"మరేంటమ్మా? కారణం చెప్పాలి కదా."

లోర్నా బల్లకేసి చూసింది. తర్వాత తలెత్తింది.

"ఈయనంటే నాకిష్టం ఆర్నీ. అదీ కారణం."

నీల్స్ చేతిలోని మార్కర్ కిందపడి దొర్లుకుంటూ పోయింది. తీసేవాళ్లు లేరు.

"నాకెప్పుడో తెలుసు," అంది డోరీన్.

ఆర్నీ కళ్లజోడు సర్దుకున్నాడు. "ఏమయ్యా, నీ సంగతేంటి?"

"నాకు... మొదటిరోజు నుంచీనండీ," అన్నాడు నీల్స్.

"కుర్రాడు బంగారం," అంది డోరీన్. "ఫీజు మాత్రం ఘోరం. తీసేద్దాం." చెయ్యెత్తింది. ఆర్నీ కూడా నిట్టూర్చి ఎత్తాడు.

బయట సన్నగా వాన. ఇద్దరూ పార్కింగ్‌లోకి నడిచారు.

"నీ ప్రమోషన్ పోయింది," అంది లోర్నా.

"పోయింది. బాధగానే ఉంది, అబద్ధమెందుకు?" అన్నాడు. కారు తాళాలు జేబులో వేసుకుని, "ఇప్పుడు మీ కమిటీకి నేనేమీ కాను కదా?"

"ఏమీ కావు."

చెయ్యి చాపాడు. ఆమె పట్టుకుంది.

అప్పుడే షిఫ్టు దిగి స్టాన్ తన పాత ట్రక్కు దగ్గరికొచ్చాడు. వాళ్లని చూసి ఆగాడు.

"నాన్నా, ఈయన్ని తీసేశాం," అంది లోర్నా.

"మంచిపని చేశారు," అన్నాడు స్టాన్. చూపు వాళ్ల చేతుల మీదికి దిగింది. గడ్డం గోక్కున్నాడు. "నా ప్రశ్న వల్లేనా బాబూ?"

"అడగాల్సిన ప్రశ్నేనండీ అది."

స్టాన్ ట్రక్కు తలుపు తీసి, సీటు మీది టిఫిన్ డబ్బా వెనక్కి విసిరి, చేతిరుమాలుతో సీటు తుడిచాడు.

"ఎక్కండి. లోర్నా వాళ్లమ్మ సూప్ కాస్తోంది."

"నా కారు ఇక్కడే ఉందండీ," అన్నాడు నీల్స్, ఏమనాలో తోచక.

"ఉండనీ. రేపొచ్చి తీసుకెళ్దువుగాని." స్టాన్ తాళం తిప్పాడు. "రేపు కూడా రావాలి కదా నువ్వు."