బ్రేకులో గాలి

మా ఆయనకి వంటింట్లో కారే కుళాయి బిగించడం రాదు. అలాంటి మనిషి, ఎవరో వదిలించుకున్న జీపులాంటి పాత పెద్ద కారొకటి కొనుక్కొచ్చి, "మెకానిక్కులంతా దొంగలు. దీని పని నేనే చూసుకుంటా" అన్నాడు. ఫోన్‌లో వీడియోలు చూసి తనే పెద్ద మెకానిక్కైపోయాడు. విప్పి బిగించిన ప్రతిసారీ ఏవో బోల్టులు మిగిలేవి. "కంపెనీవాళ్లు ఎక్కువే పెడతారులే" అనేవాడు, సిగ్గులేకుండా.

ఆ ఆదివారం మధ్యాహ్నం జోరున వాన. జల్లు కొడుతోందని షెడ్డు షట్టరు దించేశాడు. లోపల గుడ్డి బల్బు ఒక్కటే. కాలిన ఆయిలు, తడి సిమెంటు, ఎలకలు కొరికిన సీటు... అన్నీ కలిసిన వాసన. వెనకవైపు జాకీతో లేపి, చక్రం ఊడదీసి, ఆయన కిందికి దూరాడు. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలట. "తొక్కు" అనగానే నేను పెడలు తొక్కి పట్టుకోవాలి. ఆయన కింద నట్టు వదులుచేసి, గాలి పోయాక బిగించి "వదులు" అంటాడు. అప్పుడే వదలాలి.

"తొక్కు... అబ్బా, అప్పుడే వదిలేశావా! కాలు ఎక్కడ పెట్టి తొక్కుతున్నావసలు?"

"మీ మొహం మీద పెట్టాల్సింది" అని గొణుక్కుంటూ దిగిపోయాను. ఇంట్లోకి వెళ్లే తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. నేను దిగిన సంగతి కూడా తెలియలేదు మహానుభావుడికి! ఖాళీ సీటుతో ఎంతసేపు మాట్లాడతాడో చూద్దామనుకున్నా.

"తొక్కు."

పెడలు కీచుమంటూ దిగింది.

వాన చప్పుడేమో అనుకున్నా.

"వదులు."

టప్... పైకొచ్చింది.

"హమ్మయ్య, ఇప్పుడు కుదిరింది. మొదట్నుంచీ ఇలా ఏడవచ్చుగా? తొక్కు."

మళ్లీ కీచు. సీట్లో ఎవరూ లేరు.

"ఏమండీ..." గుసగుసగా పిలిచాను. "బయటికి రండి."

"పని మధ్యలో నస పెట్టకు."  అంతలోనే ఆయన గొంతు మారింది. "నువ్వు... ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నావ్?"

నేను నోరు మెదపలేదు. కారులోంచి నా గొంతే పలికింది.

"ఇక్కడే ఉన్నానండీ... వదలనా?"

కారు ఊగింది. జాకీ ఓ పక్కకి ఒరిగింది. పరిగెత్తి ఆయన కాళ్లు రెండూ పట్టుకుని లాగాను. తల బయటపడిందో లేదో, కారు ధన్‌మని కూలింది. మా ఇంటి మెకానిక్కు చంటిపిల్లాడిలా నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మర్నాడు పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాం. ఆయన గడప దాటలేదు. బేరం నేనే ఆడాను. అతను కారు తలుపు తీసి ఆగిపోయాడు.

"ఈ బెల్టు ఎవరు పెట్టారమ్మా?"

వంగి చూశాను. డ్రైవరు సీటు బెల్టు పెట్టే ఉంది. కానీ సీటుకి ఆనుకుని లేదు. జానెడు ఎడంగా, ఎవరి పొట్ట మీదో బిగించినట్టు నిలబడి ఉంది.

ఇద్దరం చూస్తుండగానే అది మెల్లగా పైకి లేచింది...

మళ్లీ దిగింది.