రెడ్ జోన్‌లో పెళ్లి డ్రోన్

"ప్రభాకరరావుగారిని చంపబోతున్నారు," అన్నాడు చీఫ్ రాయప్ప, సమోసా నములుతూ. "డ్రోన్‌తో."

దేశంలోకెల్లా పెద్ద రాడార్ శాస్త్రవేత్త ప్రాణం గురించి సమోసా పక్కన పెట్టకుండా మాట్లాడగల ఆఫీసు ఇదొక్కటే అనుకున్నాడు ఏజెంట్ కృష్ణకాంత్.

"రేపు మూడింటికి ఆయన హెలికాప్టర్ విస్సన్నపేట దగ్గర దిగుతుంది. ఆ గంటసేపు అక్కడి ఆకాశం రెడ్ జోన్, డ్రోన్లు ఎగరేయకూడదు. అయినా విదేశీ ముఠా అద్దెకు తెచ్చుకున్న పైలట్ ఎగరేస్తాడు. హెలికాప్టర్ రెక్కలకి తగిలిస్తాడు. పెళ్లి వీడియో తీస్తుంటే దారి తప్పిందండీ అని ఏడుస్తాడు. యాక్సిడెంట్, కేస్ క్లోజ్."

"ప్రయాణం రద్దు చేయొచ్చుగా సార్?"

"చేస్తే వాడు దొరకడు. పైకి లేపనియ్. జామర్‌తో దించెయ్. ముఠాలో మన మనిషి మనోజ్ఞ ఉంది. కోడ్‌వర్డ్, 'చిన్న రసాలు దిగాయాండీ?'"

మే నెలలో, నూజివీడు వైపు మామిడి తోటల్లో, ఆ మాట కోడ్‌వర్డ్! ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గానీ వాడికో దండం. మర్నాడు తలకు తువ్వాలు చుట్టి కాయల వ్యాపారి వేషంలో తోటలో కూర్చున్న కృష్ణకాంత్‌ని పదకొండు మంది అదే అడిగారు. పదకొండు మందికీ గొంతు తగ్గించి, "దిగాయి, తీపి లేదు" అని రహస్యంగా చెప్పాడు. పదకొండు మందీ తిట్టి పోయారు.

పన్నెండో మనిషి పట్టుచీర, నల్ల కళ్లద్దాల మనోజ్ఞ. "పైలట్ శశాంక్. ఆ తెల్ల కారు దగ్గరున్నాడు," అని అటే వెళ్లిపోయింది.

రెండూ యాభై. ఆకు కదలని ఉక్క. శశాంక్ డ్రోన్ లేపాడు. అంతలో కోత కూలీల మేస్త్రీ పుష్పవతి కేక పెట్టింది.

"దిగండర్రా! పడమర ఎర్రబడింది, గాలొచ్చేస్తంది!"

కూలీలు గబగబా చెట్లు దిగారు.

"గాలట. కాస్త ఆగుదామా?" అంది మనోజ్ఞ.

శశాంక్ నవ్వాడు. "కూలోళ్ల వాతావరణ శాఖా? యాప్‌లో గాలి గంటకి తొమ్మిది కిలోమీటర్లే. వీళ్లకి పని ఎగ్గొట్టడానికి ఏదో ఒకటి కావాలి." డ్రోన్ నూట పది మీటర్లెక్కి హెలికాప్టర్ దారిలో నిలబడింది.

కృష్ణకాంత్ జామర్ నొక్కాడు. దాని రేంజ్ రెండొందల మీటర్లు. డ్రోన్ మూడొందల మీటర్ల అవతల ఉంది. వెధవ డిపార్ట్‌మెంట్, వెధవ టెండర్లు! రిమోట్ లాక్కున్నా ఆ డ్రోన్ అక్కడే నిలబడి ఉంటుంది. హెలికాప్టర్‌ని మళ్లించమని కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు. మీరు క్యూలో ఉన్నారు అంది రికార్డు. కొండ వెనక హెలికాప్టర్ చప్పుడు మొదలైంది. పెద్దాయన చచ్చిపోతాడు, నేను చూస్తూ కూర్చుంటాను అనుకున్నాడు.

అప్పుడొచ్చింది గాలి. దుమ్ము, ఆకులు, ఖాళీ అట్టపెట్టెలు అన్నీ లేచాయి. పెళ్లిళ్ల కోసం చేసిన ఆ తేలిక డ్రోన్ తూర్పుకి కొట్టుకుపోయింది. శశాంక్ బూతులు తిడుతూ దాన్ని ఎదురుగాలికి తోశాడు. బ్యాటరీ చూస్తుండగానే పడిపోయింది. ఇక డ్రోన్ మొరాయించి, తనంతట తానే ఇంటిదారి పట్టి, దారిలోనే ఓపికైపోయి పుష్పవతి ముందున్న చెట్టు మీద వాలి కొమ్మల్ని గిరగిరా కోయసాగింది.

"ఏంటిది, కాయలన్నీ రాల్చేస్తంది!" పుష్పవతి కాయలు కోసే చిక్కం ఎత్తింది. పొడుగాటి కర్ర చివర వల సంచి. ఒక్క విసురుకి డ్రోన్ అందులో పడింది.

శశాంక్ కారెక్కబోయాడు. తాళాలు మనోజ్ఞ చేతిలో ఉన్నాయి, కృష్ణకాంత్ చేతిలో బేడీలున్నాయి.

హెలికాప్టర్ ఒక చుట్టు చుట్టి, గాలి తగ్గాక క్షేమంగా దిగింది. కృష్ణకాంత్ పరుగున వెళ్లాడు. ప్రభాకరరావుగారు కోటు దులుపుకుంటూ ముఖం చిట్లించారు.

"ఏంటయ్యా ఈ గాలి, ఈ దుమ్ము? నా ప్రాణం పోయేలా ఉంది! మీకసలు బాధ్యత ఉందా?"

కృష్ణకాంత్ చేతులు కట్టుకున్నాడు. "తప్పైపోయిందండీ. ఈసారి గాలి లేకుండా చూసుకుంటాం."