గడువు లేని లింకు

ఆదివారం మధ్యాహ్నం. స్కాన్ సెంటర్‌కి సెలవు. కిటికీలోంచి ఎండ నా బల్ల మీద పడుతోంది. గదినిండా ఫినాయిలు వాసన. ఒకప్పుడు ఈ నేల తుడిచింది నేనే. తుడుస్తూనే టైపు నేర్చుకున్నాను. ఇప్పుడు ఇక్కడి ఫైళ్లన్నిటికీ నేనే కాపలా. దెయ్యమంటూ ఎవడైనా కబుర్లు చెబితే చీపురు తిరగేసేవాణ్ణి.

మా పద్ధతి ఇది. స్కాన్లన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. రోగి మా వెబ్ యాప్‌లోకి వచ్చి అడిగితే ఒక లింకు వెళ్తుంది. పదిహేను నిమిషాల్లో దించుకోవాలి. ఆ తర్వాత అది పనిచేయదు. ఎన్నిసార్లు దించుకున్నా అసలు ఫైలు చెక్కుచెదరదు, వెళ్లేది నకలే.

ఆ రోజు రోగి మా చెల్లెలు. పక్క ఊరి ఆసుపత్రిలో నాలుగింటికి ఊపిరితిత్తి ఆపరేషన్. పాత స్కాన్ చూడందే కత్తి పట్టనన్నాడు డాక్టరు.

"అన్నయ్యా, మళ్లీ గడువు అయిపోయిందట. ఇక్కడి సిగ్నల్ నత్తకి తమ్ముడు."

"మూడోసారి పంపాను కదే!"

"నీ తాళాలు నువ్వే దాచుకో. నాకు ఫైలు పంపితే చాలు."

నాకు తిక్క రేగింది. మనిషి ప్రాణం కంటే పదిహేను నిమిషాలు ఎక్కువా? ఆ ఫైలుకి గడువు తీసేశాను. ఎవరైనా దించుకునేలా బార్లా తెరిచి పెట్టాను. తోటివాళ్లెవరైనా ఆ పని చేస్తే ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి.

తెర మీద వెంటనే ఒక డౌన్‌లోడ్ నమోదైంది. ఇంకొకటి.

"వచ్చిందా చిట్టీ?"

"నేనింకా లింకు నొక్కనేలేదు!" అని దగ్గింది.

దించుకుంటున్న కంప్యూటర్ ఏదో చూశాను. మా స్కాన్ గదిలోదే. నడవ చివరి గది. నిన్ననే కరెంటు తీసి తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

మూడో డౌన్‌లోడ్. ఫైలు సైజు చూశాను. నలభై ఎంబీ ఉండాల్సింది ముప్ఫైకి దిగింది. నకలు తీస్తే అసలు తరుగుతుందా? ఎక్కడైనా ఉందా?

నాలుగో డౌన్‌లోడ్... ఇరవై ఎంబీ.

"అన్నయ్యా..." గుసగుస. "గాలి... అందట్లేదు..."

"నర్సుని పిలవ్వే!"

"ఆక్సిజన్ పెట్టారు... అయినా..."

ఐదు... పది.

ఫోన్లో దాని ఊపిరి సన్నబడుతోంది. నడవ చివర... అదే ఊపిరి. అదే దగ్గు. బలంగా.

ఇక ఎవరూ దించుకోకుండా ఫైలు మూసేశాను. నడవలో చప్పుడు ఆగింది. ఫోన్లో కూడా... ఏమీ లేదు.

క్లౌడ్ పాత ప్రతులు దాచి ఉంచుతుంది. నిన్నటి ప్రతిని వెనక్కి తెచ్చాను. మళ్లీ నలభై ఎంబీ.

ఫోన్లో బుస్సుమని గాలి పీల్చిన చప్పుడు. "అబ్బ... చచ్చి బతికాను అన్నయ్యా."

కొత్త లింకు పంపాను. పదిహేను నిమిషాలదే. తొమ్మిదో నిమిషంలో దిగింది. డాక్టరు చూశాడు. చెల్లెల్ని లోపలికి తీసుకెళ్లారు.

కుర్చీలో చేరగిలబడ్డాను. అప్పుడు జాబితాలో కొత్త ఫైలు కనిపించింది. నా పేరు. ఆ రోజు తేదీ. నేను జన్మలో స్కాన్ తీయించుకోలేదు. ఎవరైనా దించుకోవచ్చని ఉంది. మూసేయబోయాను. ఈ ఫైలు మీద మీకు హక్కు లేదు అని వచ్చింది.

తెరిచాను. స్కాన్ మనిషిని పడుకోబెట్టి తీస్తారు. ఇందులో మనిషి కూర్చుని ఉన్నాడు. పక్కటెముకల వెనక కుర్చీ చువ్వలు. ఎడమ భుజం మీద ఐదు వేళ్ల ఎముకలు.

వెనక్కి తిరగలేదు. స్కాన్ బొమ్మ కదలదు. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నాను, కదలదు.

ఆ వేళ్లు మెల్లగా ముడుచుకుంటున్నాయి.