పెరటి గది గోడలో చప్పుడు

ఆ వీధి చివరింటి పెరటి గదికి కట్టిన కొన్నాళ్లకే చెడ్డపేరు వచ్చింది. చీకటి పడితే గోడలోంచి ఎవరో తడతారట... దాన్ని కట్టిన మేస్త్రీ నాకు చెప్పిన సంగతి ఇది.

ఇంటాయన ఆ గదిని భార్య అక్కగారి కోసం కట్టించాడు. ఆవిడ ఉంటున్న అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాలి. వేరే నీడ లేదు. పైపులూ కరెంటు తీగలూ వేశాక, గోడ మూయకముందే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి చూడాలి. అప్పుడే అందులో ఉండడానికి అనుమతి.

"వాళ్లొచ్చేదాకా ఆగితే మా వదిన రోడ్డున పడుతుంది. మూసెయ్" అన్నాడు ఇంటాయన.

మేస్త్రీ మూసేశాడు. తప్పని ఇద్దరికీ తెలుసు.

కొన్నాళ్లకు అనుమతి లేకుండానే ఆవిడ ఆ గదిలో దిగింది. మొదటి రాత్రే ఉలిక్కిపడి లేచింది.

టక్... టక్ టక్.

తలగడ పక్క గోడలోంచే. చెవి ఆనించింది — ఏమీ లేదు. పడుకుంది — మళ్లీ టక్.

"మరిదిగారూ, ఆ గదిలో నేనొక్కదాన్నే లేను" అంది పొద్దున్నే.

"పక్కింటాయన పని వదినా. ఈ గది ఆయనకు మొదట్నుంచీ కంటగింపే. రాత్రికి పట్టుకుంటాను."

ఒక చేత్తో కర్ర పట్టుకుని, రెండో చెయ్యి గది గోడకు ఆనించి, బయట మాటేశాడు. పక్కింట్లో దీపాలు ఆరిపోయాయి. పెరట్లో ఆకు కదల్లేదు. వంటింట్లో భార్య గిన్నెలు కడుగుతున్న చప్పుడు, అంతే...

టక్... టక్ టక్.

సరిగ్గా అతని అరచేతి కింద. కర్ర జారిపోయింది.

మర్నాడు మున్సిపాలిటీ తనిఖీ ఉద్యోగి ఇంటాయన పిలవకుండానే వచ్చాడు. "పక్కవాడే చెప్పుంటాడు" అని ఇంటాయన పళ్లు నూరాడు.

ఉద్యోగి గోడకు చెవి ఆనించాడు. "అమ్మా, వంటింటి కొళాయి తిప్పి, ఒక్కసారిగా కట్టెయ్యండి."

టక్... టక్ టక్.

"లోపల పైపు బిగించలేదు. నీళ్లు ఆగినప్పుడల్లా ఎగిరి కొట్టుకుంటోంది. గోడ తెరవండి."

దెయ్యం దొరికిందని అందరూ నవ్వారు. మేస్త్రీ గోడ కొట్టి పెళ్లలు రాల్చాక నవ్వు ఆగిపోయింది. ఇనుప పైపు పక్కనే కరెంటు తీగ... పైపు అంచు తగిలి తగిలి, తొడుగు తెగి, రాగి బయటపడింది.

"ఇది పైపుకు ఆనితే ఈ గదిలో కొళాయి ముట్టుకున్నవాళ్లు బతకరు" అన్నాడు ఉద్యోగి. "సరిచేసి పిలవండి, చూసి అనుమతి ఇస్తాను. అప్పటిదాకా ఇక్కడ ఎవరూ పడుకోకూడదు."

ఇంటాయన పక్కింటి వైపు చూశాడు. "ఫిర్యాదు చేసింది పక్కింటాయనేనా?"

"నేనే మరిదిగారూ, గోడలో ఏముందో వచ్చి చూడమని" అంది గుమ్మంలోంచి వదిన.

"అనుమతి రాకపోతే రోడ్డున పడతావని తెలిసే చెప్పావా?"

"బతికుంటేనే కదా, రోడ్డున పడేది."